బొగ్గు డబ్బా పీకేశాక ట్యాంకు ఊపిరి సంగతేంటి?

ఇంజిన్ బేలో పైపులు తగ్గించుకోవాలనుకునేవాళ్లు, రేసు కారు కట్టుకునేవాళ్లు, ఆరని చెక్ ఇంజిన్ లైటుతో విసిగిపోయినవాళ్లు, ఈ ముగ్గురూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు: ఎవాప్ సిస్టం (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఇంజిన్‌లో కాల్చే ఏర్పాటు) పీకేస్తే ఏమవుతుంది? "ఏమీ కాదు, రెండు పైపులకీ మూతలు కొట్టి వదిలెయ్" అనే జవాబు ఎక్కడ అడిగినా దొరుకుతుంది. అందులో సగమే నిజం. ఇంజిన్ వైపు మూత సరిగ్గా పెడితే ఇంజిన్‌కి నిజంగానే ఏమీ కాదు. ట్యాంకు వైపు మూత పెట్టారా, అక్కడ మొదలవుతాయి తిప్పలు. ఆ బొగ్గు డబ్బా కాలుష్యం కోసం తగిలించిన బరువులా కనిపిస్తుంది గానీ, ట్యాంకు గాలి పీల్చేదీ వదిలేదీ దాని గుండానే.

రోడ్డు మీద తిరిగే కారులో దీన్ని తీసేయడం చాలా దేశాల్లో చట్టానికి విరుద్ధం, కాలుష్య తనిఖీలో కారు తప్పవచ్చు. కాబట్టి తీసివేత గురించి కింద రాసినదంతా ట్రాక్ దాటి బయటికి రాని కారుకే. రోడ్డు కారు వాళ్లకి పనికొచ్చేది పాడైన భాగాన్ని పట్టుకోవడం గురించిన ముక్క. నిజానికి తీసేద్దామనుకునేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సిందీ అదే.

డబ్బా చేసే పని

పెట్రోల్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా ఆవిరవుతూనే ఉంటుంది. ఆగి ఉన్న కారు మీద ఎండ పడితే ట్యాంకులో ఆవిరి పెరుగుతుంది, అది బయటికి పోవాలి. రాత్రి చల్లబడితే లోపల ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి లోపలికి రావాలి. నడిచే కారులో పంపు పెట్రోల్ లాగేస్తుంటే ఆ ఖాళీ నిండడానికీ గాలి కావాలి. బంకులో నింపేటప్పుడు లోపలికి వెళ్లే ప్రతి లీటరుకీ ఒక లీటరు ఆవిరి కలిసిన గాలి బయటపడాలి. ఇప్పటి కార్లలో చాలావాటిలో ఈ నాలుగు రాకపోకలకీ దారి ఒకటే: ట్యాంకు మీది వాల్వు, ఆవిరి పైపు, చార్‌కోల్ కానిస్టర్, వెంట్ వాల్వ్, చివర చిన్న ఫిల్టరు, ఆపైన బయటి గాలి.

కానిస్టర్ అంటే ప్లాస్టిక్ డబ్బాలో కూరిన యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు. బయటికి పోయే ఆవిరిని బొగ్గు పట్టేసుకుంటుంది, గాలిని మాత్రం వదులుతుంది. పట్టుకుంటూ పోతే ఎప్పటికో నిండిపోతుంది కదా, దాన్ని ఖాళీ చేసే పని ఇంజిన్‌ది. ఇంజిన్ వేడెక్కాక ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, డబ్బాకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న పర్జ్ వాల్వ్ తెరుస్తుంది. మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, ఉండే వాక్యూం వెంట్ వైపు నుంచి తాజా గాలిని బొగ్గు మీదుగా లాగుతుంది, ఆ గాలితోపాటు ఆవిరి కూడా వచ్చి సిలిండర్లలో కాలిపోతుంది. పర్జ్ వాల్వ్ ఒక్కసారిగా బార్లా తెరుచుకోదు, టకటకమని కొట్టుకుంటూ కొంచెం కొంచెంగా వదులుతుంది. ఎంత ఆవిరి వస్తోందో ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంది, ఆ మేరకు ఈసీయూ ఇంజెక్టర్లని తగ్గిస్తుంది.

రెండు వాల్వుల గుణం గుర్తుంచుకుంటే సగం రోగాలు వాటంతటవే అర్థమవుతాయి. కరెంటు లేనప్పుడు పర్జ్ వాల్వ్ మూసుకుని ఉంటుంది, వెంట్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. వెంట్ వాల్వ్ మూసుకునేది లీకు పరీక్ష జరిగే కాసేపే.

ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. కాలిఫోర్నియాలో 1970 మోడళ్ల నుంచి, అమెరికా అంతటా 1971 నుంచి వచ్చింది. అంతకుముందు ట్యాంకు మూతకో గొట్టానికో చిల్లు ఉండేది, ఆవిరి నేరుగా గాలిలో కలిసేది. 1996లో ఓబీడీ (కారు తన లోపాల్ని తనే పట్టుకునే ఏర్పాటు) రెండో తరం వచ్చాక ఈసీయూ లీకుల్ని తనే వెతకడం మొదలుపెట్టింది. మొదట ఒక మిల్లీమీటరు చిల్లు, తర్వాత అర మిల్లీమీటరు చిల్లు కూడా పట్టుకోవాలన్నారు. మూత వదులైతే లైటు వెలిగేది ఇందుకే.

ఇక పవర్ సంగతి. తీసేస్తే ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు. పర్జ్‌లో వచ్చేది ఇంధనమే, ఈసీయూ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. తగ్గే బరువు బ్రాకెట్లతో కలిపి రెండు మూడు కిలోలు. పర్జ్ వల్ల ఇంజిన్ బలహీనపడుతోందని ఎవరైనా అంటే, ఆ కారులో పర్జ్ వాల్వ్ తెరుచుకుపోయి ఇరుక్కుంది, అంతే.

పీకే ముందు ఏది పాడైందో చూడండి

పెట్రోల్ నింపించిన వెంటనే కారు స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తోందా? యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుంటే గానీ అందుకోవడం లేదా? ఇది పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదని చెప్పే గుర్తు. నింపేటప్పుడు ట్యాంకులోంచి తోసుకొచ్చిన ఆవిరంతా కానిస్టర్‌లో చేరుతుంది. తెరిచే ఉన్న వాల్వు గుండా మానిఫోల్డ్‌లోకి పోయి కూర్చుంటుంది. స్టార్ట్ చేసేసరికి మిశ్రమం మరీ రిచ్, అంటే గాలికి మించి పెట్రోల్. స్కానర్‌లో పి0496 అనే లోపం కోడ్ కనిపించవచ్చు, ట్యాంకు మూత తిప్పితే లోపలికి గాలి పీల్చుకున్న బుస్సుమనే శబ్దం వస్తుంది.

పరీక్ష ఐదు నిమిషాల పని. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పర్జ్ వాల్వ్ నుంచి కానిస్టర్ వైపు పోయే పైపు ఊడదీసి, వాల్వు మూతికి వేలు అడ్డం పెట్టండి. చల్లటి ఇంజిన్‌లో అక్కడ లాగడం ఉండకూడదు. ఉంటే వాల్వు మార్చాలి. బయటికి తీసి చూస్తే కరెంటు లేకుండా ఊదినప్పుడు గాలి దూరకూడదు, 12 వోల్టులిస్తే టక్కుమని తెరుచుకోవాలి. కాయిల్ రెసిస్టెన్స్ చాలా కార్లలో 20 నుంచి 35 ఓంల మధ్య ఉంటుంది. వాల్వు నోట్లోంచి నల్లటి పొడిగానీ గింజలుగానీ రాలితే వాల్వు ఒక్కటే మార్చి లాభం లేదు. కానిస్టర్ లోపలి జాలి చిరిగి బొగ్గు బయటికొస్తోంది, కొత్త వాల్వు కూడా నెల తిరక్కుండా ఇరుక్కుంటుంది. కానిస్టర్ మార్చి, మధ్య పైపుని ఊది శుభ్రం చేశాకే వాల్వు బిగించాలి.

బంకులో నాజిల్ పదేపదే టక్కుమని ఆగిపోతుంటే చూడాల్సింది వెంట్ వైపు. ట్యాంకులోంచి గాలి బయటికి పోవడం లేదు. వెంట్ ఫిల్టరులో దుమ్ము, సాలీడు గూడు, బురద, ఇవే నిందితులు. వెంట్ వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కున్నా ఇంతే, పి0446 దానికి తోడు వస్తుంది.

డబ్బా చెడిపోవడానికి మొదటి కారణం మాత్రం మన అలవాటే. నాజిల్ ఆగాక కూడా గుండ్రటి అంకె కోసం ఇంకో లీటరు, ఇంకో అర లీటరు కుక్కడం. ట్యాంకు పైన ఆవిరి కోసం వదిలిన ఖాళీ నిండిపోయి, పెట్రోల్ ద్రవంగానే కానిస్టర్‌లోకి పోతుంది. ఆవిరి కోసం చేసిన బొగ్గు ద్రవంలో మునిగితే ఇక పట్టుకునే శక్తి ఉండదు. ఊడదీసిన కానిస్టర్ చేతికి అనుకున్నదానికన్నా బరువుగా తగిలి, ఊపితే లోపల పలపలమంటే సంగతి అదే. అలాంటి డబ్బాని వాక్యూం క్లీనర్‌తో లాగొద్దు. ఆ మోటారులో నిప్పురవ్వలుంటాయి, లాగుతున్నది పెట్రోల్ ఆవిరి. మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటాను.

చిన్న లీకు కోడ్లు, అంటే పి0442, పి0456, ముందు మూత రబ్బరు దగ్గర వెతకండి. తర్వాత ఫిల్లర్ గొట్టం తుప్పు, పంపు మాడ్యూల్ మీది ఓ-రింగు, ఎండిపోయి చీలిన పైపులు. పొగ యంత్రంతో వెతికేటప్పుడు ఒత్తిడి ఒక పీఎస్‌ఐ లోపే ఉండాలి. కంప్రెసర్ గాలి నేరుగా ఎక్కిస్తే ట్యాంకు ప్రెషర్ సెన్సర్ మొదటి దెబ్బకే పోతుంది, చిన్న లీకు కాస్తా పి0452 అవుతుంది. గాలికి బదులు నైట్రోజన్ వాడడం ఇంకా మంచిది.

మూతలు కొట్టేస్తే

ఇప్పుడు అసలు విషయం. తీసేసేవాళ్లు చేసే పనులు నాలుగు రకాలుగా ఉంటాయి, ఒక్కోదాని ఫలితం ఒక్కోలా ఉంటుంది.

మొదటిది, అన్నీ మూసేయడం. కానిస్టర్ తీసి, ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి పైపుకి బోల్టు దూర్చి క్లాంపు బిగిస్తారు. ఒక లెక్క వేద్దాం. 50 లీటర్ల ట్యాంకులో 40 లీటర్ల పెట్రోల్ ఉంది, పైన 10 లీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో ఉన్న 100 కిలోపాస్కల్ ఒత్తిడిలో దాదాపు 40 పెట్రోల్ ఆవిరిది, 60 గాలిది అనుకోండి. కారు ఒక్క లీటరు తాగింది, ఖాళీ 11 లీటర్లయింది. కింద ద్రవం ఉంది కాబట్టి ఆవిరి తన వాటా తను నింపుకుంటుంది. గాలికి ఆ వీల్లేదు, దాని 60 కాస్తా 54.5కి దిగుతుంది. అంటే లోపల ఐదున్నర కిలోపాస్కల్ తగ్గింది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ ట్యాంకు అడుగు వైశాల్యం 0.3 చదరపు మీటర్లుంటే దాని మీద బయటి గాలి వేసే బరువు 165 కిలోలు. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కి నిలబడినట్టు. ఇది ఒక్క లీటరు తాగినందుకే, పది పన్నెండు కిలోమీటర్ల దూరానికే.

అలాగైతే మూతలు కొట్టిన ట్యాంకులన్నీ ఎప్పుడో నలిగిపోవాలి కదా అంటే, వాటిని కాపాడుతున్నది ఫిల్లర్ మూత. చాలా మూతల్లో చిన్న స్ప్రింగు వాల్వు ఉంటుంది, లోపల వాక్యూం ఒక హద్దు దాటితే గాలి లోపలికి వదులుతుంది. మూతలు కొట్టి ఏళ్లుగా నడుపుతున్నామనేవాళ్ల కారు ఆ స్ప్రింగు దయ మీద నడుస్తోంది. అది దుమ్ముపట్టి ఇరుక్కున్న రోజు లక్షణాలు ఈ వరసలో వస్తాయి: మూత తీయడం కష్టమవుతుంది, బుస్సుమంటుంది, పంపు సన్నగా ఈలలాగా కూస్తుంది, ఎక్కువ వేగంలో, సగం ట్యాంకు దగ్గర ఇంజిన్ లీన్ అయి (పెట్రోల్ చాలక) తడబడుతుంది, ప్లాస్టిక్ ట్యాంకు అడుగు లోపలికి సొట్టపడి ఫ్యూయల్ గేజ్ తప్పు చూపిస్తుంది. పంపు కూయడానికి కారణం, ఒత్తిడి తగ్గిన పెట్రోల్ పంపు మూతి దగ్గరే మరగడం. వేసవిలో, తక్కువ పెట్రోల్‌తో ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది. పంపు పోయిందనుకుని కొత్తది వేస్తారు. మూత ఒకసారి తెరిచి నడిపి చూస్తే తేలిపోయేది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కారు ఎండలో ఆగింది, లేదా ఇంజిన్ నుంచి వేడెక్కిన పెట్రోల్ రిటర్న్ లైన్లో తిరిగొస్తోంది. ఇప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత తిప్పిన చెయ్యి మీదికి పెట్రోల్ ఎగజిమ్ముతుంది. ఇథనాల్ పదిశాతం కలిపిన పెట్రోల్ ఆవిరి ఒత్తిడి మామూలు పెట్రోల్ కన్నా దాదాపు 7 కిలోపాస్కల్ ఎక్కువ, కాబట్టి ఈ బెడద ఇంకొంచెం పెద్దది. పంపు మాడ్యూల్ ఓ-రింగు దగ్గర చెమ్మ, వెనక సీటు కింద వాసన మొదలవుతాయి.

రెండో రకం, ట్యాంకు పైపుని గాలిలోకి వదిలేయడం. ట్యాంకు ఊపిరి పీల్చుకుంటుంది, ఇంజిన్ హాయిగా ఉంటుంది. వాసన మాత్రం వదలదు. ఒక్కసారి 40 లీటర్లు నింపితే బయటికొచ్చే ఆవిరిలో పెట్రోల్ 50 గ్రాముల దాకా ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలిలో 1.4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఆ లెక్కన 50 గ్రాములు వెయ్యి లీటర్లకు పైగా గాలిని మండే మిశ్రమం చేయగలవు. పైగా ఇది గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి తేలిపోదు, నేల మీద పాకి గుంటల్లో, మూలల్లో నిలుస్తుంది. తలుపులు మూసిన గ్యారేజీలో గ్యాసు గీజరు చిన్న మంట ఉంటే ఇంక చెప్పేదేముంది.

వాసన పక్కన పెట్టినా, పెట్రోల్‌లోంచి ముందు ఎగిరిపోయేవి తేలిక భాగాలు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి కావాల్సినవి అవే. నెలకోసారి ట్రాక్ చూసే కారులో నెలన్నర పాత పెట్రోల్‌తో ఉదయంపూట స్టార్టర్ ఎక్కువసేపు తిరుగుతోందంటే బ్యాటరీని తిట్టే ముందు ఇది చూడండి. వర్షాకాలంలో తెరిచిన పైపు తేమ పీలుస్తుంది, ఇథనాల్ ఆ నీటిని పట్టుకుంటుంది.

మూడోది, పర్జ్ వాల్వ్ మాత్రం తీసేసి కానిస్టర్ ఉంచడం. మానిఫోల్డ్ రంధ్రం మూసేస్తారు, ట్యాంకు కానిస్టర్ గుండా గాలి పీలుస్తుంది. ట్యాంకుకి ఏ కష్టమూ లేదు, వాసన కూడా మొదట్లో రాదు. కొన్ని వారాలకి బొగ్గు నిండుతుంది, ఆ తర్వాత అది డబ్బా కాదు, ఉత్త గొట్టమే. రాత్రిపూట ట్యాంకు చల్లబడి గాలి లోపలికి పీల్చినప్పుడు కొంత ఖాళీ అవుతుంది గానీ, ఇంజిన్ లాగినంత ఎక్కడ?

నాలుగోది ఎవరూ చేయకూడనిది. పర్జ్ వాల్వ్ తీసి ట్యాంకు పైపుని నేరుగా మానిఫోల్డ్‌కి కలపడం. ఐడిల్‌లో మానిఫోల్డ్ వాక్యూం 60 కిలోపాస్కల్‌కి పైనే ఉంటుంది. పైన లెక్కలో ఐదున్నరకే 165 కిలోలు. నిండు ట్యాంకుతో మలుపులో పెట్రోల్ ద్రవంగా ఆ పైపులోకి వస్తే ఇంజిన్ తాగుతుంది, సిలిండర్ నిండితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

టర్బో కార్లకి ఇంకో చిక్కు. బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని లోపలికి కుక్కేటప్పుడు, మానిఫోల్డ్‌లో వాక్యూం ఉండదు, ఒత్తిడి ఉంటుంది. అందుకే పర్జ్ లైన్లో చెక్ వాల్వులుంటాయి, చాలావాటిలో బూస్ట్ సమయంలో టర్బో ముందు నుంచి లాగే రెండో దారి కూడా ఉంటుంది. తీసేసేటప్పుడు మానిఫోల్డ్ రంధ్రం ఒక్కటే మూసి, టర్బో ఇన్‌టేక్ దగ్గరి రెండో రంధ్రాన్ని మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ వచ్చేది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) చూడని గాలి, దుమ్ముతో సహా. చెక్ వాల్వు ఉంచేసి అది పాడైతే బూస్ట్ తిరిగి కానిస్టర్‌లోకి, ట్యాంకులోకి పోతుంది.

ఈసీయూ ఏమంటుంది

కనెక్టర్ పీకేసిన వెంటనే వచ్చేది పి0443, పర్జ్ సర్క్యూట్ తెగిందని. వెంట్ వాల్వ్‌ది పీకితే పి0449 గానీ పి0446 గానీ. కనెక్టరుకి రెసిస్టర్ తగిలిస్తే ఇది ఆగుతుంది. కానీ పావు వాటు రెసిస్టర్ పెడితే మాడిపోతుంది. 14 వోల్టుల దగ్గర 27 ఓంలలో ఏడు వాట్లకు పైగా వేడి పుడుతుంది, వాల్వు పూర్తిగా తెరిచి ఉంచమని ఈసీయూ అడిగినప్పుడల్లా. 10 వాట్ల సిరామిక్‌ది తీసుకుని, వైరింగ్ టేపులో చుట్టకుండా లోహానికి బిగించాలి. ఇంతా చేస్తే మోసపోయేది సర్క్యూట్ పరీక్ష ఒక్కటే. పర్జ్ తెరిచినప్పుడు ట్యాంకు ప్రెషర్ సెన్సర్‌లో కదలిక రాకపోతే పి0441, పి0455 వచ్చి తీరతాయి. ఇంజిన్ చల్లగా స్టార్ట్ అయి, పెట్రోల్ దాదాపు 15 నుంచి 85 శాతం మధ్య ఉన్నప్పుడే ఈ పరీక్ష నడుస్తుంది. అందుకే లైటు మొదటి రోజు రాదు, వారం తర్వాత వస్తుంది. "నాకేం రాలేదే" అనే మాటల వెనక రహస్యం ఇంతే.

లైటు వెలిగితే వెలిగింది, నడపడానికేం అడ్డం అనుకోవచ్చు. కొన్ని కార్లలో ఎవాప్ లోపం నిలిచి ఉన్నంతకాలం వేరే మానిటర్లు (ఈసీయూ తనే చేసుకునే పరీక్షలు) కొన్ని నడవవు. పైగా లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే రేపు మిస్‌ఫైర్ వచ్చినా తెలియదు. ట్రాక్ కారుకి సరైన దారి ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో పర్జ్ డ్యూటీ (వాల్వు ఎంత శాతం సేపు తెరిచి ఉండాలో చెప్పే) పట్టిక మొత్తం సున్నా చేసి, ఎవాప్ డయాగ్నసిస్ ఆపడం. కంపెనీది తీసి విడి ఈసీయూ వేసుకున్నవాళ్లకి ఈ గొడవే లేదు.

మానిఫోల్డ్ రంధ్రం సరిగా మూయకపోతే వచ్చే లక్షణం మీ కారు గాలిని ఎలా కొలుస్తుందో దాన్నిబట్టి మారుతుంది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో దొంగ గాలి లెక్కలోకి రాదు, ఫ్యూయల్ ట్రిమ్ (మిశ్రమం కుదరడానికి ఈసీయూ పెట్రోల్‌ని పెంచే తగ్గించే శాతం) ఐడిల్‌లో పైకెక్కి, మిశ్రమం లీన్ అని చెప్పే పి0171 వస్తుంది. ఆర్‌పీఎం పెంచితే ట్రిమ్ మామూలవుతుంది. మానిఫోల్డ్ ప్రెషర్‌తో కొలిచే కారులో మిశ్రమం పెద్దగా మారదు, ఐడిల్ మాత్రం ఎక్కువై దిగనంటుంది. రబ్బరు టోపీ వేడికి రెండు వేసవుల్లో చీలుతుంది. ఇత్తడి ప్లగ్గు మరబిగించడం, లేదా ఆ నాజిల్ తీసి అదే మర ఉన్న బోల్టు వేయడం శాశ్వతం.

ట్రాక్ కారులో తీసే పద్ధతి

ట్యాంకు పావు వంతు లోపు ఉండగా, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట మొదలుపెట్టండి. ముందు ఫిల్లర్ మూత తెరిచి ఒత్తిడి వదలాలి, తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయాలి. పెట్రోల్ మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి. కానిస్టర్ మీద మూడు మూతులుంటాయి: ట్యాంకు, పర్జ్, గాలి. పైపులు ఊడదీసే ముందు టేపు అంటించి రాసుకోండి, ఊడదీశాక మూడూ ఒకేలా కనిపిస్తాయి. క్విక్ కనెక్టర్లని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, పక్కల నొక్కి ముందు లోపలికి తోసి తర్వాత లాగాలి. దుమ్ము పట్టి రాకపోతే నీళ్లు పోసి కడిగితే వస్తుంది.

ట్యాంకు మీది రోల్‌ఓవర్ వాల్వుని ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. కారు బోల్తా పడితే పైపులోంచి పెట్రోల్ కారకుండా ఆపేది అదొక్కటే. కొన్ని కార్లలో ఇది ట్యాంకులోనే ఇమిడి ఉంటుంది, కొన్నిటిలో పైపు మధ్య విడిగా ఉంటుంది. రెండో రకాన్ని "ఇదేదో ఎవాప్ ముక్క" అనుకుని పారేసేవాళ్లున్నారు. ట్యాంకు కూడా మార్చి ఫ్యూయల్ సెల్ (రేసు కార్లకి చేసిన భద్రమైన పెట్రోల్ ట్యాంకు) వేస్తుంటే వెంట్‌లో బంతి వాల్వు ఉన్నదే తీసుకోవాలి.

వెంట్ పైపు ట్యాంకు నుంచి నేరుగా కిందికి దించకూడదు. ముందు ఫిల్లర్ మెడ కన్నా ఎత్తుకు తీసుకెళ్లాలి, అక్కడ ఒక చుట్టు తిప్పాలి, తర్వాత కిందికి దించి కారు అడుగు దాటించాలి. ఎడమ మలుపులో పెట్రోల్ ఒక వైపు ఎగబాకుతుంది, కుడి మలుపులో ఇంకో వైపు. ఎత్తూ చుట్టూ రెండూ ఉంటేనే రెండు మలుపుల్లోనూ ద్రవం బయటపడదు. చివర సైలెన్సర్‌కి, బ్రేకులకి దూరంగా అవతలి వైపు ఉండాలి, సన్నటి లోహపు జాలితో ముగియాలి. కారు లోపల గానీ డిక్కీలో గానీ వదిలితే ఆవిరి డ్రైవర్ దగ్గరికే వస్తుంది. లోపలి వ్యాసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు. సన్నటి వాక్యూం గొట్టం వేస్తే నడవడానికి చాలుతుంది గానీ, నింపేటప్పుడు నాజిల్ ఆగుతూనే ఉంటుంది.

గొట్టం విషయంలో పిసినారితనం వద్దు. సిలికాన్ వాక్యూం హోస్ రంగు అందంగా ఉంటుంది, పెట్రోల్‌కి మాత్రం పనికిరాదు, ఉబ్బుతుంది, గోడల్లోంచి ఆవిరి వదులుతుంది. ఎస్‌ఏఈ జే30 ఆర్7 అని ముద్ర ఉన్న ఫ్యూయల్ హోస్ కనీసం, ఆర్9 అయితే ఇంకా మంచిది. కారుతోపాటు వచ్చిన నైలాన్ పైపు నిక్షేపంగా ఉంటే దాన్నే వీలైనంత దూరం వాడుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. పళ్లు కోసుకుపోయే మామూలు క్లాంపులు కాకుండా అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లాంపులు వేయండి.

మూతకి చిల్లు పెట్టడం ఇంకో నాటు వైద్యం. మలుపులో పెట్రోల్ ఆ చిల్లులోంచి కారి టైరు మీద పడుతుంది. వద్దు.

నిజం చెప్పాలంటే, ట్రాక్ కారులో కూడా నా ఓటు కానిస్టర్ ఉంచడానికే. ఫ్యాక్టరీ డబ్బాని ట్యాంకు పక్కకి జరిపి, వెంట్ వాల్వ్, ప్రెషర్ సెన్సర్ తీసేసి, పర్జ్ వాల్వ్‌ని విడి ఈసీయూలో ఖాళీగా ఉన్న ఒక అవుట్‌పుట్‌కి కలపండి. షరతులు మూడు: కూలెంట్ 70 డిగ్రీలు దాటాలి, ఆర్‌పీఎం ఐడిల్ పైన ఉండాలి, థ్రాటిల్ సగం లోపు ఉండాలి. డ్యూటీ 20 శాతంతో మొదలుపెట్టి, ట్రిమ్ ఎటు కదులుతుందో చూస్తూ పెంచుకోవాలి. పిట్‌లో వాసన ఉండదు, ఆగి ఉన్న పెట్రోల్ పాతబడదు. రెండు కిలోల బరువు అంటారా, డ్రైవర్ తగ్గించుకోవచ్చు.

పని అయ్యాక పరీక్ష మూడు రోజులు పడుతుంది. మొదటిరోజు ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ రాసుకోండి, తీసే ముందున్న అంకెతో పోల్చితే తేడా మూడు నాలుగు శాతం లోపే ఉండాలి. రెండోరోజు ట్యాంకు నింపండి, నాజిల్ ఒక్కసారే ఆగాలి. తర్వాత ఎడమకీ కుడికీ గట్టి మలుపులు తిప్పి వెంట్ చివర కింద తెల్ల కాగితం పెట్టి చూడండి, పొడిగా ఉండాలి. మూడోరోజు సగం ట్యాంకు తాగేదాకా నడిపి, వెంటనే ఆపి మూత తిప్పండి. ఏ శబ్దమూ రాకూడదు. బుస్సుమంటే, అది లోపలికైనా బయటికైనా, వెంట్ పైపు ఎక్కడో నలిగింది, లేదా రోల్‌ఓవర్ వాల్వు తలకిందులుగా బిగించారు. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, చూసి సరిచేసి మళ్లీ మొదటినుంచి.